లూకాని వదులుకుంది జీతం లెక్క కుదరకేనా?

మీ ప్రశ్న ఇదీ: 2025 ఫిబ్రవరిలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో డాలస్ మావెరిక్స్ తన పెద్ద స్టార్ లూకా డాన్చిచ్‌ని లాస్ ఏంజెలిస్ లేకర్స్‌కి ఇచ్చేసింది, ఆ వేసవిలో అతనికి ఇవ్వాల్సి వచ్చే 34.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు తప్పించుకోవడానికే కదా, శాలరీ క్యాప్ (టీము మొత్తం జీతాలకి పరిమితి) ఉన్న లీగ్‌లో అది తెలివైన పనే అయినప్పుడు జనం ఇంకా ఎందుకు తిడుతున్నారు?

తెలివైన పని కాదు కాబట్టి. క్యాప్ వల్ల జరిగిన పని కూడా కాదు. ఈ రెండో ముక్క చెప్పడానికే కాస్త చోటు పడుతుంది, ఎందుకంటే ఎన్‌బీఏ జీతాల రూల్స్ మన పొలం గట్ల తగాదాల్లాంటివి, రోడ్డు మీద నిలబడి చూసేవాడికి ఒక్క గట్టే కనిపిస్తుంది, లోపలికి దిగితే నాలుగుంటాయి.

నేను డాలస్ పక్కనున్న ఇర్వింగ్ ఊరు వచ్చి 13 ఏళ్ళు. డాలస్ పాత స్టార్ నోవిట్స్కీ చివరి ఏళ్ళు చూశాను, లూకాని మొదటి మ్యాచ్ నుంచీ చూశాను. మ్యాచ్ అయిపోగానే స్కోరు కన్నా ముందు జీతాల పట్టీ తెరిచే రకాన్ని, మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది, కాదని నేనెప్పుడూ వాదించలేదు. ఆ శనివారం రాత్రి ఫ్రిస్కోలో ఒక స్నేహితుడి ఇంట్లో వ్రతం భోజనాలయ్యాక కబుర్లలో పడి కూర్చున్నాం, పదకొండు దాటింది, పిల్లలు సోఫాల మీద అడ్డదిడ్డంగా నిద్రపోయారు, మా వాడు లూకా 77 నంబరు జెర్సీతోనే. ఒకేసారి అందరి ఫోన్లూ మోగాయి. ఎన్‌బీఏ వార్తలు అందరికన్నా ముందు చెప్పే విలేకరి షామ్స్ చరానియా అకౌంట్ ఎవడో హ్యాక్ చేశాడన్నారు. నేనూ అదే అనుకున్నాను. పది నిమిషాలకి అది నిజమని తేలాక ఒకాయన అన్నమాటే ఇప్పుడు మీరూ అడుగుతున్నారు: "జీతం భారం తగ్గించుకున్నారేమోలే."

సరే, లెక్కలోకి వద్దాం. ఐపీఎల్ చూసేవాళ్ళకి పర్సు అంటే తెలుసు. 2025 సీజన్ ముందు మెగా వేలానికి టీముకి 120 కోట్ల రూపాయలు, అంతే, 121 అవదు. సన్‌రైజర్స్ క్లాసెన్‌ని 23 కోట్లకి అట్టిపెట్టుకుంటే ఆ 23 అందులోంచే పోతాయి. ఎన్‌బీఏ క్యాప్ అలాంటి గోడ కాదు. 2025-26కి క్యాప్ 15.46 కోట్ల డాలర్లు, కానీ చాలా టీములు దాన్ని ఎప్పుడో దాటేసి ఉంటాయి, ఎందుకంటే తమ దగ్గరున్న ఆటగాడిని నిలుపుకోవడానికి క్యాప్ దాటి జీతం ఇవ్వచ్చు. లారీ బర్డ్ పేరు మీద వాటిని బర్డ్ రైట్స్ అంటారు. అంటే "క్యాప్ లేదు కాబట్టి లూకాకి ఇవ్వలేకపోయారు" అన్న మాటకి అసలు అర్థమే లేదు. క్యాప్ నిండిపోయినా అతనికి ఇవ్వచ్చు.

నొప్పి పుట్టేది పైనున్న గీతల దగ్గర. 18.79 కోట్లు దాటితే లగ్జరీ ట్యాక్స్, 19.59 దగ్గర మొదటి ఏప్రన్, 20.78 దగ్గర రెండో ఏప్రన్ అనే గీతలు. మొదటి ఏప్రన్ దాటిన టీము ట్రేడ్‌లో, అంటే ఆటగాళ్ళ మార్పిడిలో, తాను ఇచ్చిన జీతం కన్నా ఒక్క డాలర్ ఎక్కువ తెచ్చుకోకూడదు. రెండోది దాటితే ఇద్దరు ముగ్గురి జీతాలు కలిపి ఒక పెద్ద జీతగాడిని తెచ్చుకోవడం కుదరదు, ట్రేడ్‌లో డబ్బు పంపకూడదు, ఏడేళ్ళ తర్వాత రాబోయే ఫస్ట్ రౌండ్ పిక్ (కొత్త ఆటగాళ్ళని టీములు పంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లో ఒకడిని ఎంచుకునే హక్కు) ఎవరికీ ఇవ్వకుండా స్తంభించిపోతుంది, ఆ తర్వాతి ఏళ్ళలోనూ పైనే కూర్చుంటే ఆ పిక్ కాస్తా రౌండ్ చివరికి జారిపోతుంది. ట్యాక్స్ అయితే ఓనరు జేబులోంచి పోతుంది, ఏప్రన్ అలా కాదు, జనరల్ మేనేజర్ చేతులు కట్టేస్తుంది. లీగ్‌కీ ఆటగాళ్ళ సంఘానికీ కుదిరిన 2023 ఒప్పందంలో రెండో ఏప్రన్ తెచ్చిందే అందుకు, డబ్బున్న ఓనరు చెక్కు రాసి తప్పించుకోకుండా.

ఇంకోటి, హార్దిక్ పాండ్యాని ముంబయి గుజరాత్‌కి డబ్బు కట్టి తెచ్చుకున్నట్టు ఇక్కడ కుదరదు. క్యాప్‌లో ఖాళీ లేని టీము మనిషికి మనిషిని, జీతానికి జీతాన్ని చూపించాలి, విలువలో తేడా ఉంటే పైన పిక్స్ వేసి సరిచేయాలి. అందుకే ఇక్కడ ట్రేడ్ గురించి మాట్లాడేటప్పుడు ఆటగాడి పేరు పక్కన ఎప్పుడూ రెండు అంకెలుంటాయి, ఎంత, ఇంకా ఎన్నేళ్ళు.

ఇప్పుడు అసలు విషయం, దీన్ని మాత్రం నిదానంగా చదవండి. 1997-98లో మైకేల్ జోర్డాన్ జీతం 3.31 కోట్ల డాలర్లు. ఆ ఏడు టీము మొత్తానికి ఉన్న క్యాప్ 2.69 కోట్లు. ఒక్కడి జీతం క్యాప్ కన్నా ఎక్కువ! ఆ తర్వాత ఓనర్లు ఆట ఆపేసిన లాకవుట్ వచ్చింది, 1999లో కొత్త ఒప్పందంతో ఒక ఆటగాడికి ఇవ్వగల గరిష్ఠ జీతం అని పెట్టారు, ఇప్పుడది అనుభవాన్ని బట్టి క్యాప్‌లో 25, 30 లేదా 35 శాతంతో మొదలవుతుంది. జనానికి ఇది టీము మీద పడే మోతలా కనిపిస్తుంది, 34.5 కోట్లు అనగానే కళ్ళు తిరుగుతాయి. నిజానికి ఇది టీముకి ఇచ్చిన రాయితీ. వేలంలో వదిలితే లూకా లాంటివాడికి క్యాప్‌లో సగం ఇచ్చే టీములుంటాయి, రూల్ ఉంది కాబట్టి 35 దగ్గర ఆగిపోతుంది. తులం బంగారం ఇంతకి మించి అమ్మకూడదని సర్కారు పరిమితి పెట్టిందనుకోండి, ఆ ధరకి కొనడానికి వరుసలో నిలబడతాం గానీ ఇంట్లో ఉన్నది తీసుకెళ్ళి అమ్ముకోం కదా. లీగ్‌లో అన్నిటికన్నా చవకైనవి రెండు: మంచి రూకీ (లీగ్‌లోకి కొత్తగా వచ్చినవాడు), అసలైన మహా ఆటగాడి మీద ఉన్న మాక్స్ (గరిష్ఠ జీతం) కాంట్రాక్టు. అన్నిటికన్నా ఖరీదైనది ఒకటే, ఆ స్థాయి లేనివాడికి ఇచ్చిన మాక్స్ కాంట్రాక్టు.

సరే, లూకాకి బదులు ఎవరొచ్చారు? ఆంథొనీ డేవిస్, మాక్స్ క్రిస్టీ, 2029 లేకర్స్ ఫస్ట్ రౌండ్ పిక్. 2025-26లో డేవిస్ జీతం 5.41 కోట్ల డాలర్లు. 15.46లో 35 శాతం ఎంతో మీరే కాలిక్యులేటర్‌లో కొట్టి చూడండి, సరిగ్గా అంతే వస్తుంది. అంటే 35 శాతం భారం తప్పించుకోవడానికి 35 శాతం తీసుకునే మనిషినే తెచ్చారు! పాత కాంట్రాక్టు ప్రకారం అదే ఏడు లూకా జీతం 4.6 కోట్లు, అంటే ఆ ఏడాదికి భారం పెరిగింది కూడా. లూకా సూపర్‌మాక్స్, అంటే పదేళ్ళు నిండకముందే సొంత టీము ఇవ్వగల 35 శాతం కాంట్రాక్టు, మొదలయ్యేది 2026-27లో. మీరు చెప్పిన 34.5 కోట్ల అంకె క్యాప్ ఏటికి 10 శాతం పెరుగుతుందనుకుని వేసింది, ఆ లెక్కన మొదటి ఏడు 5.95 కోట్లు, 7 శాతమే పెరిగితే 5.79. డేవిస్‌కి అదే ఏడు కాగితం మీద ఉన్నది 5.85. ఏం మిగిలినట్టు?

మిగిలింది చివరి ఏళ్ళే. లూకా కాంట్రాక్టు 2031 దాకా వెళ్ళేది, డేవిస్‌ది 2028తో అయిపోతుంది. కానీ ఆ చివరి ఏళ్ళలో లూకాకి 30 నుంచి 32, డేవిస్‌కి తన కాంట్రాక్టు చివరి ఏడు ముగిసేసరికే 35 నిండుతాయి. ట్రేడ్ నాటికి ఒకడికి 25, ఇంకొకడికి 31. లూకా ఫిట్‌నెస్ మీద టీము పెద్దలకి అనుమానాలున్నాయని వార్తలొచ్చాయి, క్రిస్మస్ రోజు నుంచి పిక్క కండరం నొప్పితో అతను బయటే ఉన్నాడు, అదీ నిజమే. జనరల్ మేనేజర్ నికో హారిసన్ డిఫెన్సే టైటిళ్ళు గెలిపిస్తుందన్నాడు. ఆటపరంగా అది ఒక వాదన, నేను ఒప్పుకోను గానీ వాదనే. జీతంపరంగా మాత్రం వాదనే లేదు.

క్యాప్ రూల్స్ ఈ ట్రేడ్‌లో ఏమీ చేయలేదా అంటే, చేశాయి, కానీ వేరే చోట. అంతకుముందు వేసవిలో డాలస్ క్లే థాంప్సన్‌ని సైన్ అండ్ ట్రేడ్ పద్ధతిలో (పాత టీము కొత్త కాంట్రాక్టు రాసి వెంటనే అప్పగించడం) తెచ్చింది. అలా తెచ్చుకున్న టీముకి ఆ సీజనంతా మొదటి ఏప్రన్ దగ్గర హార్డ్ క్యాప్ పడుతుంది, ఆ గీత మీదకి ఒక్క డాలర్ కూడా పోకూడదు, ఇక్కడ మాత్రం ఐపీఎల్ పర్సు లాంటి గోడే. అటువైపు లేకర్స్‌కీ లెక్క బిగుతుగానే ఉంది. అందుకే యూటాని మూడో టీముగా లాగి ఒక చిన్న జీతాన్ని అటు నెట్టారు, డేవిస్ తనకి ట్రేడ్ అయితే రావాల్సిన అదనపు సొమ్ము దాదాపు 60 లక్షల డాలర్లు వదులుకున్నాడు. లేకపోతే కాగితాలు కుదిరేవి కావు.

తర్వాత జరిగింది ఇంకా ఘోరం. డేవిస్ మొదటి మ్యాచ్‌లోనే 26 పాయింట్లు, 16 రీబౌండ్లు తీసి, ఆ మ్యాచ్‌లోనే గాయపడి కూర్చున్నాడు. మార్చిలో డాలస్ ఇంకో స్టార్ కైరీ ఇర్వింగ్ మోకాలి లిగమెంట్ తెగింది. ఒకరి తర్వాత ఒకరు పడిపోతుంటే బయటి నుంచి ఎవడినైనా తెచ్చుకుందామంటే హార్డ్ క్యాప్ కింద మిగిలింది లక్ష డాలర్లు కూడా లేదు. మ్యాచ్ ఆడాలంటే కనీసం 8 మంది దుస్తులేసుకుని ఉండాలి, ఆ 8 మందిని లెక్కపెట్టుకుని రోజులు గడిపారు. కోట్లు చేతులు మారే లీగ్‌లో లక్ష దగ్గర ఇరుక్కుపోవడం చూసి నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. క్యాప్ ఎక్కడ కొరుకుతుందో చూడాలంటే ఇక్కడ చూడాలి, లూకా జీతం దగ్గర కాదు.

ఇక పిక్స్. నన్నడిగితే అసలు తిట్టాల్సింది ఇక్కడే. 2024లో న్యూయార్క్ నిక్స్ మికాల్ బ్రిడ్జెస్ కోసం బ్రూక్లిన్‌కి ఐదు ఫస్ట్ రౌండ్ పిక్స్ ఇచ్చింది, పైగా ఒక స్వాప్ (ఇద్దరి పిక్స్‌లో మెరుగైనది తీసుకునే హక్కు). బ్రిడ్జెస్ మంచి ఆటగాడే, ఒక్కసారీ ఆల్‌స్టార్ కాలేదు. లూకాకి ఒకటే పిక్ వచ్చింది. లేకర్స్ దగ్గర అంతకన్నా లేవేమో అని మీరు అడగచ్చు. స్టెపియన్ రూల్ అని ఒకటుంది, 1980లలో టెడ్ స్టెపియన్ అనే క్లీవ్‌లాండ్ ఓనరు పిక్స్‌ని పప్పుబెల్లాల్లా పంచిపెట్టాక పెట్టారు: రాబోయే ఏళ్ళలో వరుసగా రెండేళ్ళు ఫస్ట్ రౌండ్ పిక్ లేకుండా టీము ఉండకూడదు. లేకర్స్ 2027 పిక్ అప్పటికే యూటాకి బాకీ, కాబట్టి 2026, 2028 ముట్టుకోకూడదు. ఏడేళ్ళు దాటి ముందుకి పోకూడదు కాబట్టి 2031 దాకే లెక్క. ఒకటి వదిలి ఒకటి చొప్పున 2029, 2031 రెండూ ఇవ్వచ్చు. డాలస్ ఒక్కటే తీసుకుంది. నాలుగు టీములకి ఫోన్ చేసి బేరం పెట్టి ఉంటే ఏం వచ్చేదో నాకు తెలియక్కర్లేదు, రెండో పిక్ కూడా అడిగి పుచ్చుకోలేదన్నది చాలు. సంతలో పాడి గేదెని అమ్మేవాడు కూడా కనీసం నలుగురికి చూపిస్తాడు.

"సూపర్‌మాక్స్‌లు టీముల్ని ముంచేస్తాయి, ఫీనిక్స్‌ని చూడండి" అని మా గ్రూపులో ఒకాయన ప్రతిసారీ అంటాడు. చూద్దాం. ఫీనిక్స్ మునిగింది కెవిన్ డ్యురాంట్ జీతం వల్ల కాదు. 2023లో అతని కోసం నాలుగు ఫస్ట్ రౌండ్ పిక్స్, బ్రిడ్జెస్, కామ్ జాన్సన్‌ని ఇచ్చేసి, ఆ మీదట బ్రాడ్లీ బీల్‌ని తెచ్చారు, వాషింగ్టన్ అతనికి రాసిచ్చిన 5 ఏళ్ళు 25.1 కోట్ల కాంట్రాక్టు, తన అనుమతి లేకుండా ట్రేడ్ చేయకూడదన్న షరతుతో సహా. మాక్స్ స్థాయి ఆట ఎప్పుడో పోయిన మనిషి, అమ్మడానికి వీల్లేని కాగితం, పైగా రెండో ఏప్రన్. 2024-25లో 36 గెలిచి 46 ఓడారు, ప్లేఆఫ్స్ లేవు. ఆ వేసవిలో డ్యురాంట్‌ని హ్యూస్టన్‌కి ఇచ్చి, బీల్‌ని బయటికి పంపి మిగతా బాకీని ఐదేళ్ళకి సాగదీశారు. ఏటా దాదాపు 1.94 కోట్ల డాలర్లు, జట్టులో లేని మనిషికి. నేనిందాక అన్న ఖరీదైన సరుకు అంటే ఇదే.

చవక సరుకు చూడాలంటే ఓక్లహోమా సిటీ ఉంది. 2019లో పాల్ జార్జ్‌ని క్లిప్పర్స్‌కి ఇచ్చి షాయ్ గిల్జస్ అలెగ్జాండర్‌నీ ఐదు ఫస్ట్ రౌండ్ పిక్స్‌నీ తెచ్చుకుంది, అందులో ఒకటి 2022లో 12వ పిక్‌గా జేలెన్ విలియమ్స్ అయింది, 2025లో టైటిల్ అయింది. క్లిప్పర్స్ నుంచి జార్జ్ 2024లో ఉత్తి పుణ్యానికి వెళ్ళిపోయాడు. ఇంకా చెప్పాలా.

కాబట్టి గ్రూపుల్లో ఎవరైనా ట్రేడ్ ఐడియా పెట్టగానే నేను ఆటగాళ్ళ పేర్లు చదవను. 2025-26 సీజన్‌లో ఒకాయన మన క్లే థాంప్సన్, గాఫర్డ్, ఒక పిక్ ఇచ్చి మిల్వాకీ స్టార్ యానిస్‌ని తెద్దామన్నాడు. ఆ ఏడు యానిస్ జీతమూ అదే 35 శాతం, 5.41 కోట్లు. క్లే, గాఫర్డ్ కలిపినా 3.1 దాటరు. మొదటి ఏప్రన్ పైనున్న టీముకి ఆ 2.3 కోట్ల తేడా ఎవడు పూడుస్తాడు? అంకె కుదిరినా అటువాడికి ఇంత వయసు మీరిన షూటర్ ఎందుకు? ఆ పిక్ మనదేనా, ఎప్పుడో ఇచ్చేశామా? ఈ మూడూ అడిగితే నూటికి తొంభై ఐడియాలు అక్కడే పడిపోతాయి, ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు అది వేరే సంగతి.

పిక్ మనదేనా అన్న ప్రశ్న డాలస్‌కి మరీ గుచ్చుకుంటుంది. లూకా చుట్టూ జట్టు కట్టడానికి ముందే ఖర్చు పెట్టేశారు: 2027 పిక్ షార్లట్‌కి, మొదటి రెండు స్థానాల్లో పడితే తప్ప. 2028 ఓక్లహోమాతో స్వాప్, 2029 హ్యూస్టన్‌కి, 2030 శాన్ అంటోనియోతో స్వాప్. అవన్నీ లూకా ఉన్నంతకాలం సరైన ఖర్చులే, మన టీము బాగుంటే మన పిక్ విలువ తక్కువ, ఇచ్చేసినా బాధ లేదు. లూకాని తీసేశాక అవే అప్పులు వడ్డీతో నిలబడ్డాయి. పెళ్ళికని అప్పు చేసి పెళ్ళి రద్దు చేసుకున్నట్టు.

మరి 2025 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌గా కూపర్ ఫ్లాగ్ వచ్చాడు కదా, ట్రేడ్ మంచిదే అయింది కదా అంటారు. 2025 పిక్ ఇంకా చేతిలో ఉంది, 39 గెలిచి 43 ఓడి ప్లే-ఇన్‌లో (ప్లేఆఫ్స్‌కి ముందు అర్హత మ్యాచ్‌లు) మెంఫిస్ చేతిలో పోయాక, మొదటి పిక్ ఎవరిదో తేల్చే లాటరీలో 1000 సంఖ్యల కూర్పుల్లో మనకి 18 వచ్చాయి, అందులో ఒకటి తగిలింది. 1.8 శాతం. మొదటి ఏడు దాదాపు 1.38 కోట్ల డాలర్లకే అలాంటి ఆటగాడు, చెప్పానుగా, లీగ్‌లో అతి చవకైన సరుకు. ఇది అదృష్టం. ఇల్లమ్ముకున్నవాడికి లాటరీ తగిలితే ఇల్లమ్మడం తెలివైన పని అయిపోదు. టీముకీ ఆ సంగతి తెలుసు, అందుకే ఆ నవంబరులో హారిసన్‌ని తీసేశారు, అప్పటిదాకా ప్రతి మ్యాచ్‌లో "ఫైర్ నికో" అని హాలంతా అరిచింది.

లూకా నష్టపోయాడా అని కూడా అడిగారు. కొంత. సూపర్‌మాక్స్ అనేది తనని మొదట్నుంచీ పెంచిన టీము దగ్గరే దొరుకుతుంది, ట్రేడ్ అవగానే ఆ అర్హత పోయింది. 2025 ఆగస్టులో లేకర్స్‌తో 3 ఏళ్ళు 16.5 కోట్లకి రాసుకున్నాడు, మూడో ఏడు అతని ఇష్టం. కావాలనే అలా పెట్టుకున్నాడు, 2028కి లీగ్‌లో పదేళ్ళు నిండుతాయి, అప్పుడు ఏ టీముతోనైనా 35 శాతం అడగచ్చు. డాలస్ తప్పించుకున్నానన్న ఆ 35 శాతం అతనికి ఎలాగూ వస్తుంది, ఇచ్చేవాళ్ళు వేరు.

ఇప్పుడు చేతిలో ఉన్న లేకర్స్ 2029 పిక్ సంగతి. అది 2028-29 సీజన్ ఫలితాన్ని బట్టి వస్తుంది. అప్పటికి లూకాతో లేకర్స్‌లో ఆడిన లెబ్రాన్ జేమ్స్‌కి 44 ఏళ్ళు. లూకా అక్కడే ఉండి బాగా ఆడితే ఆ పిక్ ఏ ఇరవై తర్వాతో పడుతుంది, లేకర్స్ కుప్పకూలితేనే మనకి లాభం. 2025 ఏప్రిల్‌లో లూకా మొదటిసారి డాలస్ తిరిగొచ్చిన రాత్రి, హాల్లో అతని జ్ఞాపకాల వీడియో చూపించినప్పుడు బెంచీ మీద కూర్చుని ఏడ్చి, లేచి మన మీదే 45 పాయింట్లు కొట్టాడు, మా వాడు ప్రతి బుట్టకీ చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. ఆ జెర్సీ ఇప్పుడు వాడికి పొట్టయిపోయింది, అదే నంబరుతో లేకర్స్ పసుపు రంగుది కొనిపెట్టమంటున్నాడు. 2029 పిక్ లెక్క వాడికి వివరించి, ఆ ఏడు మనం లూకా ఓడిపోవాలని కోరుకోవాలిరా అని చెబితే, నువ్వు కోరుకో డాడీ, నేను కోరుకోను అన్నాడు. జెర్సీ ఇంకా కొనలేదు, వాళ్ళమ్మ కొనేలా ఉంది.